కోదాడ షాంపేన్

నాకింకా కోపం పోలేదు. ఉద్యోగం పోయి ఇన్నేళ్ళయినా పోలేదు. పోగొట్టుకోవాలని నేనేమీ ప్రయత్నించడం కూడా లేదు. ఆహార కంపెనీల ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు చదువుతారని ఇది రాస్తున్నాను. మీ చేతికి ఒక పెన్నూ, ఒక రబ్బరు ముద్రా ఇచ్చి, "మీరు ఓకే అంటేనే సరుకు గేటు దాటుతుంది" అంటారు. వినడానికి ఎంతో గౌరవంగా ఉంటుంది. నాకూ అలాగే అనిపించింది. ఆ గౌరవం వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెబుతాను.

మాది మిర్యాలగూడ. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, కోదాడ ఊరి చివర ఒక సోడా, కూల్‌డ్రింకుల ఫ్యాక్టరీలో కెమిస్టుగా చేరాను. రోజూ హుజూర్‌నగర్ మీదుగా బస్సులో వెళ్ళి రావడం, టిఫిన్ డబ్బా, తెల్లకోటు. ఉద్యోగమంతా ఆ ఒక్క చోటే గడిచింది. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక గది, తూకం, మైక్రోస్కోపు, తీపి కొలిచే మీటరు, సీసాలో గ్యాసు ఒత్తిడి చూసే గేజీ. అంతే.

ఆ ఫ్యాక్టరీని మొదలుపెట్టినాయన గోలీసోడా మిషను ఒక్కటి పెట్టుకుని మొదలయ్యాడట. నేను చేరేటప్పటికే ఆయన లేడు. ఆయన భార్య నడిపేది. మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. ఆమెకు కెమిస్ట్రీ రాదు, సీసా తెలుసు. కడగబోయే ప్రతి సీసానూ వెలుతురుకు పెట్టి చూసేది. వెంట్రుకంత బీట కనిపించినా పక్కన తొట్టిలో పడేసేది. "పగిలేదేదో ఇక్కడే పగలనీ. మనిషి చేతిలో పగలొద్దు" అనేది. ఆమె ఉన్నన్నాళ్ళూ మా దగ్గర వేళ్ళకు కట్లు కట్టుకున్నవాళ్ళు ఒకరిద్దరే ఉంటారు.

ఆమె కొడుకు, మేం చిన్న సారు అనేవాళ్ళం, చదువు ముగించుకుని వచ్చాక ఆమెను ఇంట్లో కూర్చోబెట్టాడు. "అమ్మా, నువ్వు చీర కుచ్చిళ్ళు దోపుకుని షెడ్డులో తిరుగుతుంటే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? రెస్ట్ తీసుకో" అన్నాడు, మా అందరి ముందే. ఆమె చేతిలోని సీసాను ట్రేలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి సీసాలను వెలుతురుకు పెట్టి చూసేవాళ్ళు లేరు. ఆ పని నేను అడిగి తీసుకోవాల్సింది. అడగలేదు.

కొన్నాళ్ళకు చిన్న సారు డీలర్లతో కలిసి ఫ్రాన్స్ వెళ్ళాడు. అక్కడ ఒక షాంపేన్ కంపెనీ చూసొచ్చాడు. తిరిగొచ్చిన మనిషి మా చిన్న సారేనా అనిపించింది. షెడ్డు గోడకు తెల్ల దుప్పటి కట్టించి ప్రొజెక్టరుతో ఫొటోలు వేశాడు. మేమంతా బోర్లించిన ట్రేల మీద కూర్చున్నాం. పెద్దమ్మను కూడా పిలిచారు. ఆమె చివరి వరసలో కూర్చుంది.

ఆయన బాగా చెప్పాడు, అది ఒప్పుకోవాలి. భూమిలోపల సుద్దరాతిలో తవ్విన సొరంగాలు, వాటిలో లక్షల సీసాలు. ద్రాక్షరసం ఒకసారి పులిసి వైన్ అయ్యాక, దాన్ని సీసాలో పోసి, కొంచెం చక్కెరా ఈస్టూ వేసి బిగిస్తారు. సీసాలోనే అది మళ్ళీ పులుస్తుంది. గ్యాసు బయటికి పోలేక వైన్‌లోనే కలిసిపోతుంది. ఆ బుడగలు అలా పుట్టినవే. చచ్చిన ఈస్టు అడుగున మడ్డిలా దిగుతుంది. సీసాలను మూతి కిందికి వంచి, రోజూ చేత్తో కొంచెం కొంచెం తిప్పుతుంటే ఆ మడ్డి మూతి దగ్గరికి జారుతుంది. మూతిని గడ్డకట్టించి బిరడా తీస్తే, లోపలి ఒత్తిడికి మడ్డి గడ్డ ఎగిరి బయటపడుతుంది. మళ్ళీ బిరడా, దాని మీద తీగ.

"ఆ కంపెనీని నిలబెట్టింది ఎవరో తెలుసా?" అని అడిగాడు చిన్న సారు. "ఒక ఆడమనిషి! చిన్న వయసులోనే భర్త పోయాడు. అందరూ అమ్మేయమన్నారు. ఆవిడ అమ్మలేదు. ఆ సొరంగాల్లో తనే దిగి, సీసాలు తనే చూసుకుంది. ఇవాళ ప్రపంచమంతా ఆవిడ ఫొటో పెట్టుకుని తాగుతున్నారు." నేను వెనక్కి తిరిగి పెద్దమ్మను చూశాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఉంది, తడి ఏమీ లేకపోయినా.

తర్వాత ఆయన తెచ్చిన బొమ్మల పుస్తకం అందరి చేతులూ తిరిగి నా దగ్గరికొచ్చింది. ఫ్రెంచి నాకు రాదు. ఒక పేజీలో పాతకాలపు ఫొటో ఉంది. నలుగురు మగవాళ్ళు ముఖాలకు ఇనుప తీగల తొడుగులు కట్టుకుని సీసాల మధ్య నిలబడ్డారు.

"ఇదేంది సార్?" అని అడిగాను.

"అవా? అప్పట్లో సీసాలు పేలేవంట లెండి. పాత సంగతులు" అని పేజీ తిప్పేశాడు.

నేనూ తిప్పనిచ్చాను.

ఆయన ఆలోచన ఇది. మన పెళ్ళిళ్ళలో, బర్త్‌డేల్లో ఇప్పుడు కేకుతో పాటు సీసా పేల్చడం మొదలైంది. మందు కాకుండా, పిల్లలు కూడా తాగేలా, ద్రాక్షరసంలో గ్యాసు పట్టించి, షాంపేన్ సీసాలాంటి సీసాలో, బంగారు రేకు చుట్టి అమ్మాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫంక్షన్ హాళ్ళన్నీ మనవే. "వాళ్ళది సుద్ద నేల. మనకీ మఠంపల్లి వైపంతా సున్నపురాయే కదా, నేల కూడా కలిసొచ్చింది!" అన్నాడు. వాళ్ళ సుద్దరాయి చల్లటి సొరంగం. మన సున్నపురాయిని పేల్చి సిమెంటు చేస్తున్నాం. మా సరుకు నిలవుండేది రేకుల షెడ్డులో. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

లేబుల్ మీద వాళ్ళ నాన్నగారి బొమ్మ కోటూ టైతో వేయించాడు. ఆయన జీవితంలో కోటు తొడిగిన మనిషి కాదట. చూడటానికొచ్చిన డీలర్లకు నన్ను చూపించి, "మా సెల్లార్ మాస్టర్" అని పరిచయం చేసేవాడు. ఫ్రాన్స్‌లో వైన్ రుచి నిర్ణయించే పెద్దమనిషిని అలా అంటారట. పదిమందిలో ఆ మాట వినపడితే నేను తెల్లకోటు సర్దుకునేదాన్ని. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నాకది నచ్చింది. ఆ తర్వాత నేను చేసిన తప్పులకు భయం కొంత కారణమైతే, ఈ మురిపెం అంతకంటే పెద్ద కారణం.

మొదట తెప్పించిన సీసాలు అసలైనవే. మందపాటి గాజు, అడుగున లోపలికి బాగా నొక్కుకుపోయిన గుంట. సరుకు చకచకా అమ్ముడుపోయింది. మాఘమాసం పెళ్ళిళ్ళు వచ్చేసరికి ఆ సీసాలు దొరకలేదు. చిన్న సారు హైదరాబాద్ హోటళ్ళ నుంచి వచ్చే పాత వైన్ సీసాలు లారీకెత్తించాడు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. నేను ల్యాబు తూకంలో పెట్టి చూస్తే, ఈ వైన్ సీసా మొదటి సీసాలో సగమే తూగింది. గ్యాసు లేని వైన్ పోసే సీసా అది. ఒత్తిడి కోసం చేసింది కాదు.

చెప్పాను. "గ్యాసు కొంచెం తగ్గించి పట్టిద్దాం మేడమ్, సరిపోతుంది" అన్నాడు. తగ్గించిన ఒత్తిడికి గేజీ పెట్టి చూస్తే నిజంగానే సరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఇవాళ ఇది రాసే పని ఉండేది కాదేమో.

ఆ తర్వాత ఆయనకు ఇంకొకటి తట్టింది. పులియకుండా మేం కలిపే మందు వాసన తెలుస్తోందని, అది తీసేయమన్నాడు. "ప్రిజర్వేటివ్‌లు లేవు" అని లేబుల్ మీద వేద్దామన్నాడు.

"మందు లేకుంటే రసాన్ని మరగబెట్టాలె సార్. లేదంటే చల్లటి గదిలో పెట్టాలె. మనకు రెండూ లేవు" అన్నాను.

"కోల్డ్ రూమ్ వచ్చేస్తుంది మేడమ్, ఆర్డర్ పెట్టేశాను. ఈలోగా సరుకు అమ్ముడైపోతుంది. పది రోజుల్లో ఏమైపోద్ది?"

రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ నోటితోనే. కాగితం మీద రాయలేదు. ఆ బ్యాచ్ స్లిప్పు నా బల్ల మీదికొచ్చినప్పుడు, గ్యాసు సరిగ్గా ఉంది, తీపి సరిగ్గా ఉంది అని చూసి, ఓకే అని ముద్ర కొట్టి సంతకం పెట్టాను.

షెడ్డులో లేబుళ్ళు అతికించి, రేకు చుట్టేది ఐదుగురు ఆడవాళ్ళు. వాళ్ళలో ఒకామె నడిగూడెం వైపు తండా నుంచి వచ్చేది. ముప్పై ఏళ్ళుంటాయి. ఆమె పేరు రాయడానికి నాకు అనుమతి లేదు. చేయి ఎంత వేగమో కన్ను అంత చురుకు. లేబుల్ గింజంత వంకర పోయినా పీకి మళ్ళీ అతికించేది. ఇంట్లో లంబాడీ, షెడ్డులో తెలుగు, డ్రైవర్లతో హిందీ మాట్లాడేది.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె ఒక సీసాను రెండు చేతులతో పట్టుకుని ల్యాబు గుమ్మంలోకి వచ్చింది.

"మేడమ్, జర గిది సూడున్రి. అడుగున తెల్లగ మడ్డి దిగింది. మొన్న లేకుండె. మన దుప్పటి సినిమాల సారు సూపిచ్చిండు గద, గట్లనే ఉన్నది."

సీసాను వెలుతురుకు పెట్టాను. రసం మసకబారింది. అడుగున గుంట చుట్టూ తెల్లటి పొర. బిరడాలో గేజీ సూది గుచ్చాను. ముల్లు ఎర్రగీత దాటి, ఇంకా పోయి, చివర తగిలి ఆగింది. ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద చూశాను. ఈస్టు. ఒక్కో కణం పక్కన ఇంకో కణం మొలుస్తూ, గుంపులు గుంపులుగా. ద్రాక్ష తోలు మీద నుంచి వచ్చిన ఈస్టే, దోసెల పిండి పులిసేంత వెచ్చదనంలో పన్నెండు రోజులు హాయిగా పెరిగింది. ఫ్రాన్స్‌లో ఏళ్ళ తరబడి నేర్చుకుని చేసేది మా రేకుల షెడ్డులో దానంతటదే జరుగుతోంది. సగం మందం గాజులో. వందల సీసాల్లో.

"ఖరాబయిందా మేడమ్?" అందామె.

"ఖరాబే. నువ్వు పో, నేను సారుతో మాట్లాడి వస్త" అన్నాను.

పిల్లలూ, ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగండి. ఆమెను నేనే తిరిగి షెడ్డులోకి పంపాను. ల్యాబు నుంచి షెడ్డు ఇరవై అడుగులు. ఆఫీసు ఆవరణకు అటు చివర. షెడ్డులోకి వెళ్ళి, "అందరూ బయటికి రండి" అని ఒక్క అరుపు అరిస్తే చాలు. నేను అనుమతి అడగడానికి ఆఫీసుకు వెళ్ళాను. ఇన్నేళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది అదే.

చిన్న సారు ఫోన్‌లో ఉన్నాడు. ముగించేదాకా నిలబడ్డాను. అదీ చేశాను.

"సార్, బ్యాచ్ మొత్తం పులుస్తున్నది. గేజీ చివరికి పోయింది. షెడ్డు ఖాళీ చేయించాలె, తడి గోనెలు కప్పించాలె."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "ఫ్రాన్స్ వాళ్ళదీ సీసాలో పులిసేదేగా మేడమ్? మనకి ఫ్రీగా అయిపోయిందన్నమాట. సాయంత్రం సూర్యాపేటలో పెద్ద రిసెప్షన్, సరుకు అటే పోవాలి. ఇంకాసేపట్లో బండి వస్తోంది. పేల్తే అక్కడ పేలనీండి, దానికే కదా కొనేది!"

"సార్, మనుషులున్నరు లోపల."

"మీ సంతకం ఉందిగా దాని మీద? ఓకే అని మీరే కదా ఇచ్చింది?"

నేను జవాబు వెతుక్కుంటుండగానే మొదటిది పేలింది. టైరు పగిలినట్టు ఒక్క చప్పుడు. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత వరసగా, ఒకదాని ముక్కలు తగిలి ఇంకొకటి, దాని ముక్కలు తగిలి మరొకటి. నేను పరుగెత్తాను. షెడ్డు తలుపులోంచి నలుగురు బయటికి వచ్చారు. ఐదో మనిషి, నేను పొమ్మన్న ఆమె, ట్రే మీద వంగి రేకు చుడుతూ ఉండిందట. నేలంతా నురగ. ఆమె ఆ నురగలో మోకాళ్ళ మీద కూర్చుని, ఎడమ కంటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి రక్తం. అరవడం లేదు. "కన్ను, కన్ను" అని మెల్లగా తనతోనే చెప్పుకుంటోంది.

లోడు కోసం అప్పుడే వచ్చిన బండిలోనే ఆమెను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం. ఆమె తల నా ఒళ్ళో ఉంది. అక్కడి నుంచి హైదరాబాద్ పంపారు. ఎడమ కన్ను తీసేశారు.

రెండో రోజు చిన్న సారు నా బల్ల మీద ఒక టైపు చేసిన కాగితం పెట్టాడు. కార్మికురాలు నిర్లక్ష్యంగా ట్రేను జారవిడవడం వల్ల సీసాలు పగిలాయని, సరుకులో ఏ లోపమూ లేదని కెమిస్టు ధ్రువీకరిస్తున్నట్టు అందులో ఉంది.

"ఇది అబద్ధం సార్."

"మరి నిజం రాద్దామా? పులుస్తున్న సరుకుకి ఓకే ముద్ర కొట్టింది ఎవరు? ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ముందు నాకంటే ముందు మీరే నిలబడాలి. ఆలోచించుకోండి. రేపు ఆయనొస్తున్నాడు."

కాగితం మడిచి టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాటేదాకా సంతకం పెట్టొద్దనే అనుకున్నాను. మిర్యాలగూడ దగ్గర పడేసరికి, పెడితే ఏమవుతుందిలే, ఆమెకు ఎలాగూ కన్ను రాదు కదా అనుకున్నాను. ఇంత నీచమైన ఆలోచన నాకు వచ్చిందని మీకు తెలియాలి. మంచివాళ్ళమనుకునే వాళ్ళకు కూడా బస్సు కిటికీ పక్కన కూర్చుంటే ఇలాంటివి వస్తాయి.

మర్నాడు పొద్దున ల్యాబు తలుపు తీసేసరికి పెద్దమ్మ లోపలికి వచ్చింది. ఆ దుప్పటి సినిమా రోజు తర్వాత ఆమె ఫ్యాక్టరీలో అడుగుపెట్టడం అదే. చేతిలో పగలకుండా మిగిలిన ఒక సీసా, ఖాళీది.

"దీన్ని తూకం వెయ్యమ్మా" అంది.

వేశాను.

"ఇప్పుడు మంచి సీసా వెయ్యి."

వేశాను. ఆమె అంకెలు చదవలేదు. తూకం ముల్లు ఎక్కడ ఆగిందో రెండుసార్లూ చూసింది.

"నీకు తెలుసా ఇది?"

"తెలుసు పెద్దమ్మా."

"తెలిసి ఉండీ?" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఇన్‌స్పెక్టర్ పదకొండింటికి వచ్చాడు. చిన్న సారు ఆఫీసులో కూర్చోబెట్టి కూల్‌డ్రింకు ఇప్పించాడు. టైపు కాగితం ఇమ్మన్నట్టు నా వైపు చెయ్యి చాచాడు. నేను ల్యాబులో కూర్చుని రాసుకొచ్చిన కాగితాన్ని ఇన్‌స్పెక్టర్ చేతికిచ్చాను. సీసా బరువులు, గేజీ చూపిన ఒత్తిడి, మైక్రోస్కోపులో కనిపించింది, మందు తీసేయించింది ఎవరు, ఓకే సంతకం పెట్టింది ఎవరు, ప్రమాదం తెలిశాక కూడా మనుషులను బయటికి పంపకుండా ఆఫీసుకు పోయింది ఎవరు, అన్నీ.

"మేడమ్ గారికి మతి చలించింది సార్, షాక్‌లో ఉన్నారు" అన్నాడు చిన్న సారు.

తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమ్మ ముందుకొచ్చింది. "ఆమె మతి బాగానే ఉందయ్యా. ఆ సీసాలు కొన్నది నా కొడుకు. తూచి చూడకుండా కొన్నాడు. నా మాట కూడా రాసుకో, వేలిముద్ర వేస్తాను."

"అమ్మా, నువ్వు ఇంటికి పో!" అని కేకేశాడు. కోదాడ బజారు దాకా వినపడి ఉంటుంది.

"పోను. ఇంట్లో కూర్చునే కదా ఇంతదాకా తెచ్చాను" అంది ఆమె.

ఆ లైను మూతపడింది. కేసు ఏళ్ళ తరబడి సాగింది. ఆయనకూ నాకూ ఇద్దరికీ శిక్షగా జరిమానా పడింది. నా మీద పడింది న్యాయమే, అప్పీలుకు పోలేదు. ఆయన మీద పడింది తక్కువని ఇప్పటికీ అంటాను. తండా ఆమెకు రావాల్సిన పరిహారం ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా వచ్చింది. నన్ను పనిలోంచి తీసేశారు, మళ్ళీ ఎక్కడా ఉద్యోగం దొరకలేదు. ట్యూషన్లు చెప్పుకున్నాను. చిన్న సారు ఇప్పుడు ప్లాస్టిక్ సీసాల్లో మంచినీళ్ళు అమ్ముతున్నాడు. ఫంక్షన్లలో వేదికల మీద శాలువాలు కప్పించుకుంటూ కనిపిస్తాడు. చూసినప్పుడల్లా నా కడుపు మండుతుంది. అది దాచుకోను.

కేసు అయిపోయాక ఒకరోజు తండాకు వెళ్ళాను. ఆమె ఇంటి ముందు మిరపకాయలు ఆరబోస్తోంది. నన్ను చూసి లేచి, మంచం వాల్చింది. ఎడమ వైపు నుంచి నేను మాట్లాడబోతే తల పూర్తిగా తిప్పి చూసింది. దారంతా కూర్చుకున్న మాటలు చెప్పాను. తప్పు నాదని, కోర్టులో నిజమే చెప్పానని, నా ఉద్యోగం కూడా పోయిందని.

ఆమె మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"నిజం చెప్పిన్రు మేడమ్, ఇన్న. అది ఇన్‌స్పెక్టర్‌కు చెప్పిన్రు, జడ్జికి చెప్పిన్రు. నేను సీసా పట్టుకొచ్చి మీ ముంగట నిలబడ్డ గద, నాకెందుకు చెప్పలే? 'పో' అన్నరు. నేను పోయిన."

ఆమె వంగి చెదిరిన మిరపకాయలను దగ్గరికి నెట్టింది.

"మాఫ్ చేయమని అడగనీకొచ్చిన్రా?"

"అవును."

"నాతోని కాదు" అంది. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చి నా చేతికిచ్చింది. "చాయ్ తాగి పోండ్రి. ఎండల వచ్చిన్రు. మల్ల మాత్రం రాకుండ్రి."

చాయ్ మొత్తం తాగాను. గ్లాసు కడగబోతే నా చేతిలోంచి తీసేసుకుంది. మళ్ళీ వెళ్ళలేదు.